నిమ్మ తొనల రుచిలో ఒక షాట్: లెమన్ డ్రాప్ తయారీ, అది పుట్టిన బార్ల సంగతి

విశాఖ తీరం

సభ్యులందరికీ నమస్కారం. అమెరికాలో ఉంటున్న మా తమ్ముడు సంక్రాంతికి వచ్చినప్పుడు, పెద్దవాళ్ళు పడుకున్నాక మేము నలుగురం మేడ మీద కూర్చున్న రాత్రి, లెమన్ డ్రాప్ అనే షాట్, అంటే చిన్న గ్లాసులో ఒక్క గుక్కకు సరిపోయే మద్యం, చేసి ఇచ్చాడు. గ్లాసు అంచుకు పంచదార అంటి ఉంది. లోపల లేత పసుపు రంగు, పైన సన్నటి నురగ. గుక్క వేయగానే నాకు మా బడి ముందున్న కొట్టు గుర్తుకొచ్చింది. అక్కడ గాజు సీసాలోంచి తీసి కాగితంలో పెట్టి ఇచ్చే నిమ్మ తొనలదీ ఇదే పద్ధతి: ముందు నాలుకకు పంచదార గరుకు తగులుతుంది, వెనకాలే పులుపు వస్తుంది, రెండూ కలిసి కరిగేసరికి ఇంకొకటి కావాలనిపిస్తుంది.

తమ్ముడు వెళ్ళిపోయాక నేను రెండుసార్లు ప్రయత్నించాను, రెండుసార్లూ చెడిపోయింది. మొదటిసారి ఫ్రీజర్‌లోంచి తీసిన గ్లాసులకు పంచదార అద్దితే, అయిదు నిమిషాల్లో అది నీరై పక్కల నుంచి జారి వేళ్ళకు అంటుకుంది. రెండోసారి అంచు బాగానే నిలిచింది గానీ, డ్రింక్ మాత్రం నాలుక వెనక పట్టుకుని వదలనంత చేదుగా వచ్చింది. వోడ్కా, నిమ్మరసం, పంచదార తప్ప నేను వేరే ఏదీ కలపలేదు. కొలతలు, పద్ధతి తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

ఇంకొక సంగతి కూడా అడగాలి. ఆ రాత్రి మా బావగారు ఒక గుక్క రుచి చూసి, "ఇది ఆడవాళ్ళు తాగేది" అని గ్లాసు పక్కన పెట్టేశారు. ఆయన మాటలో వెటకారం లేదు, మామూలుగానే అన్నారు. అయినా ఒక పానీయానికి ఆ ముద్ర ఎక్కడ పడింది, ఎందుకు పడింది అన్న ప్రశ్న నన్ను వదలలేదు. ఇది ఎక్కడ పుట్టిందో తెలిసినవారు ఆ సంగతి కూడా చెప్పాలని మనవి.

కొలగ్లాసు

విశాఖ తీరం గారికి నమస్కారం. నేను హైదరాబాదులోని ఒక హోటల్ బార్‌లో 14 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. మీ మొదటి తప్పుకు కారణం మీ ఊరి గాలే. ఫ్రీజర్‌లోంచి తీసిన గ్లాసు సముద్రపు గాలి తగలగానే చెమట పడుతుంది, ఆ చెమటకే పంచదార కరిగిపోతుంది. కాబట్టి పొడిగా, మామూలు గది వేడిమిలో ఉన్న గ్లాసుకే అంచు కట్టాలి. చల్లదనం డ్రింక్‌లో ఉంటే చాలు, గ్లాసులో అక్కరలేదు.

అంచు కట్టడానికి మన పంచదార పలుకులు మరీ పెద్దవి, పిండి చేసిన పంచదారేమో తేమ పీల్చి ముద్ద కడుతుంది. మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, బొంబాయి రవ్వంత సన్నం కాగానే ఆపేయండి. దాన్ని పళ్ళెంలో పలచగా పరవండి. నిమ్మ ముక్కను గ్లాసు బయటి అంచు మీద, అదీ సగం చుట్టు మేరకే రుద్దండి. లోపలి వైపు తడి తగలకూడదు, తగిలితే పంచదార డ్రింక్‌లో రాలి మీ కొలత మారిపోతుంది. ఆ తరువాత గ్లాసును బోర్లించి ముంచకుండా, పక్కకు వంచి పళ్ళెం మీద దొర్లించండి. మెల్లగా తట్టి, వదులుగా ఉన్న పలుకులు రాల్చేసి, 20 నిమిషాలు ఫ్యాను గాలికి ఆరనిస్తే అంచు గట్టిపడి నిలుస్తుంది. సగమే ఎందుకంటే, తాగేవారికి తీపి వైపో, వట్టి వైపో ఎంచుకునే వీలుండాలి.

ఇక కొలత. మూడు షాట్లకు వోడ్కా 45 మి.లీ., ట్రిపుల్ సెక్ 15 మి.లీ., నిమ్మరసం 20 మి.లీ., పంచదార పాకం 15 మి.లీ. తీసుకోండి. ట్రిపుల్ సెక్ అంటే నారింజ తొక్కల వాసన పట్టించిన తీపి మద్యం. ఫ్రాన్సులోని ఆంజే పట్టణంలో 1875 నుంచి తయారవుతున్న క్వాంట్రో ఈ జాతిలో పేరున్నది, 40 శాతం ఘాటు ఉంటుంది. అది దొరకకపోతే వోడ్కా 60 మి.లీ., పాకం 20 మి.లీ. చేసుకోండి, వాసన కొంత తగ్గినా డ్రింక్ చెడదు. పాకం అనగానే అరిసెల పాకం అనుకోవద్దు, తీగ పాకం దాకా కూడా పోనివ్వకూడదు. పంచదార, నీళ్ళు సమాన బరువులో తీసుకుని, పలుకు కరిగేదాకా వేడి చేసి చల్లార్చుకుంటే సరిపోతుంది. వట్టి పంచదార చల్లని మద్యంలో సరిగా కరగదు, అడుగున ఇసుకలా మిగిలిపోతుంది.

వీటన్నిటినీ షేకర్ నిండా ఐసు వేసి 12 నుంచి 15 సెకన్లు గట్టిగా ఊపండి. షేకర్ లేకపోతే మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బా చాలు. ఎప్పుడు ఆపాలో డబ్బాయే చెబుతుంది: బయట తెల్లటి మంచు పొర కట్టి, వేళ్ళు అంటుకుపోతున్నట్టు అనిపిస్తే అయినట్టే. ఈ లోపు ఐసు కొంత కరిగి, 95 మి.లీ. కాస్తా 120 మి.లీ. వరకు పెరుగుతుంది. చాలామంది ఈ నీటిని లోపంగా చూస్తారు. నిజానికి ఘాటును విప్పి, పులుపును తీపిని దగ్గర చేసేది ఆ నీరే. టీ వడపోతతో వడకట్టి మూడు గ్లాసుల్లో పోయండి.

దీనికి ఇంకొక రూపం కూడా ఉంది. చల్లని వోడ్కాను ఏమీ కలపకుండా షాట్ గ్లాసులో పోసి, పైన పంచదార అద్దిన నిమ్మ ముక్క పెడతారు. వోడ్కా ఒక్క గుక్కలో మింగి వెంటనే ముక్క కొరకాలి. బార్లలో హడావుడి రాత్రుల్లో అదే ఎక్కువగా నడుస్తుంది, కానీ అక్కడ కలిపే పని మనది కాదు, తాగేవారి నోటిది. మీ తమ్ముడుగారు చేసినది కలిపిన రకమే. నా ఓటు కూడా దానికే.

బే ఏరియా బాటసారి

విశాఖ తీరం గారి రెండో ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను, ఎందుకంటే ఈ పానీయం పుట్టిన ఊళ్ళోనే నేను 20 ఏళ్ళుగా ఉంటున్నాను. లెమన్ డ్రాప్ పుట్టినిల్లు శాన్ ఫ్రాన్సిస్కోలోని హెన్రీ ఆఫ్రికాస్ అనే బార్. దాన్ని నడిపినవాడు నార్మన్ జే హాబ్డే. బ్రాడ్‌వే, పోక్ వీధులు కలిసే మూలన 1969 ప్రాంతంలో బార్ తెరిచాడు, 1970లలో ఈ పానీయాన్ని కూర్చాడు. తన బార్ మీద ఎంత మమకారమంటే, తన పేరునే హెన్రీ ఆఫ్రికాగా మార్చుకున్నాడు. 2011లో చనిపోయాడు. అమెరికాలో పిల్లలు చప్పరించే, పులుపు తీపి కలిసిన నిమ్మ బిళ్ళను లెమన్ డ్రాప్ అంటారు. పానీయానికి ఆ పేరే పెట్టాడు. కాబట్టి మీకు నిమ్మ తొనలు గుర్తుకు రావడంలో ఆశ్చర్యం లేదు. చేసినవాడి మనసులో ఉన్నది కూడా ఒక పిప్పరమెంటు బిళ్ళే. మొదట్లో దీన్ని కాడ ఉన్న గ్లాసులో, పంచదార అంచుతో, మెల్లగా తాగే కాక్‌టెయిల్‌గా ఇచ్చేవారు. షాట్‌గా కుదించడం దాని తరువాతి సంగతి.

ఆ బార్ ఎలా ఉండేదో తెలిస్తే ఈ పానీయం ఇలా ఎందుకు ఉందో అర్థమవుతుంది. అంతకు ముందు అమెరికాలో పేట బార్ అంటే చీకటి గది; కిటికీలకు తెరలు, సిగరెట్టు పొగ, బీరు, విస్కీ, ఎత్తు బల్లల మీద మగవాళ్ళు. హాబ్డే దాన్ని తలకిందులు చేశాడు. పెద్ద కిటికీలు, రంగు గాజు పలకలు కూర్చిన టిఫనీ దీపాలు, పాత ఓక్ చెక్క, ఇత్తడి కడ్డీలు, పైకప్పు నుంచి వేలాడే కుండీల్లో గుబురుగా పెరిగిన ఫెర్న్ మొక్కలు. ఆ మొక్కల వల్లనే ఇలాంటి చోట్లకు ఫెర్న్ బార్లు అని పేరు వచ్చింది. ఒంటరిగానో స్నేహితురాళ్ళతోనో వచ్చే ఉద్యోగినులు బెరుకు లేకుండా లోపలికి అడుగు పెట్టాలన్నదే ఆ అలంకరణ వెనక ఉన్న ఆలోచన. ఇదే నగరంలో యూనియన్ వీధిలో పెర్రీస్ అనే బార్ కూడా 1969లోనే తెరుచుకుంది. న్యూయార్కులో అంతకంటే ముందే, 1965లో, అలన్ స్టిల్‌మన్ అనే యువకుడు ఫస్ట్ అవెన్యూ, 63వ వీధి మూలన ఒక పాత బార్ తీసుకుని టీ.జీ.ఐ. ఫ్రైడేస్ మొదలుపెట్టాడు. ఆ చుట్టుపక్కల ఇళ్ళలో పెళ్ళికాని ఉద్యోగినులు చాలామంది ఉండేవారు; వాళ్ళను కలుసుకునే చోటు ఒకటి ఉంటే బాగుండునన్న కోరికతోనే మొదలుపెట్టానని ఆయనే తరువాత చెప్పాడు.

ఈ బార్లకు వచ్చేవారిలో చాలామందికి విస్కీ అలవాటు లేదు. సరిగ్గా అప్పుడే అమెరికాలో వోడ్కా కాలం నడుస్తోంది. 1976 నాటికి అమ్మకాల్లో అది విస్కీని దాటింది. వోడ్కాకు తనదంటూ గట్టి రుచి, వాసన ఉండవు గనుక ఏ పండు కలిపితే ఆ పండు రుచి పలుకుతుంది. నిమ్మ, పంచదార, వోడ్కా ఒక్కచోట చేరడానికి నేల అలా సిద్ధమైంది.

గూడూరు నిమ్మతోట

అందరికీ నమస్కారం. నాకు బార్ల సంగతి తెలియదు గానీ నిమ్మకాయ సంగతి తెలుసు. మాది మూడు తరాల నిమ్మతోట. విశాఖ తీరం గారి డ్రింక్ చేదెక్కడం చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మొదటి మాట, అమెరికావారు లెమన్ అనే కాయ, మనం నిమ్మకాయ అనే కాయ ఒకటి కావు. వాళ్ళది పెద్దది, రెండు కొసలా మొనదేలి, దళసరి తొక్కతో, పండితే నిండు పసుపు. మనది గుండ్రంగా, చిన్నగా, కాగితమంత తొక్కతో ఉండేది. ఇంగ్లీషులో దాన్ని లైమ్ అంటారు. గూడూరు, తెనాలి, ఏలూరు, నకిరేకల్ మార్కెట్లకు బస్తాల్లో వచ్చేది ఇదే. తిరుపతి పరిశోధనా కేంద్రం ఇచ్చిన బాలాజీ రకం కూడా ఈ జాతిదే. రెండింటిలోనూ పులుపుకు మూలం సిట్రిక్ ఆమ్లమే, 100 మి.లీ. రసంలో దాదాపు 5 నుంచి 7 గ్రాముల దాకా ఉంటుంది. అయితే మన కాయ పులుపు సూటిగా, పదునుగా తగులుతుంది; పసుపు లెమన్‌ది కొంచెం మెత్తన, వెనక పూల వాసన ఉంటుంది. కాబట్టి కొలగ్లాసు గారు చెప్పిన 20 మి.లీ. మన కాయతో అయితే 15 మి.లీ.తో మొదలుపెట్టి, రుచి చూసి పెంచుకోవడం మంచిది.

రెండో మాట చేదు గురించి. రసంలో చేదు ఎక్కువగా గింజల నుంచి, తొక్క కింద తెల్లటి పొర నుంచి దిగుతుంది. అమ్మగారూ, మీరు చెక్కతో చేసిన నిమ్మ పిండేదానితో కాయను నలిపి ఉంటారని నా అనుమానం. గింజ చితికితే చేదు రసంలోకి వచ్చేస్తుంది, తీపి ఎంత వేసినా అది పోదు. కాయను గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు ఉంచి, అరచేతి కింద బల్ల మీద దొర్లించండి. అడ్డంగా కోసి, చాకు మొనతో గింజలు తీసేసి, చేత్తోనే మెత్తగా పిండండి. చివరి చుక్క కోసం పట్టుపట్టవద్దు. ఎంచేటప్పుడు రంగు తిరగడం మొదలైన, నున్నటి తొక్క గల, చేతిలో బరువు తగిలే కాయ తీసుకోండి. ముదురు ఆకుపచ్చ కాయలో రసం తక్కువ. ముందురోజు పిండి ఫ్రిజ్‌లో పెట్టిన రసం మాత్రం వాడకండి, దాని వాసన చచ్చిపోయి ఉంటుంది.

ఇంకొకటి. కాయ తొక్క మీద కళ్ళకు కనిపించని నూనె ఉంటుంది, వాసన అంతా అందులోనే ఉంటుంది. పాకం కాచే ముందు ఆ పంచదారలో రెండు కాయల పైతొక్కను, తెల్ల పొర రాకుండా, సన్నగా తురిమి వేళ్ళతో నలపండి. పావుగంటలో పంచదార తడిసి, గది అంతా తోటలా వాసన వేస్తుంది. ఆ పంచదారతో పాకం చేసి వడకట్టుకోండి.

విశాఖ తీరం

గూడూరు నిమ్మతోట గారూ, మీరు చూసినట్టే చెప్పారు. మా అత్తగారి కాలం నాటి చెక్క పిండేదానితోనే రెండు చేతులా నొక్కాను, గింజలు చితికిన చప్పుడు కూడా విన్నాను. ధన్యవాదాలు.

తీర్పుల పుట

నేను వృత్తిరీత్యా న్యాయవాదిని. "ఆడవాళ్ళు తాగేది" అన్న ముద్ర గురించి బే ఏరియా బాటసారి గారు రాసినది సరైనదే గానీ, అది కథలో సగం మాత్రమే అని నాకు అనిపిస్తోంది. ఫెర్న్ మొక్కలు వేలాడదీసినందువల్లనే స్త్రీలు బార్లకు రాలేదు. తలుపులు తెరిపించడానికి కోర్టుల దాకా వెళ్ళవలసి వచ్చింది.

బార్‌లో మద్యం పోసే పని స్త్రీ చేయవచ్చా అన్న ప్రశ్న 1948లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. మిషిగన్ రాష్ట్రపు చట్టం ప్రకారం, బార్ యజమాని భార్యో కూతురో అయితే తప్ప పెద్ద ఊళ్ళలో స్త్రీకి బార్టెండర్ లైసెన్సు ఇవ్వరు. గోసార్ట్ అనే తల్లీకూతుళ్ళు దాన్ని సవాలు చేశారు, ఓడిపోయారు. తాగడానికి వెళ్ళేవారి పరిస్థితీ అంతే. న్యూయార్కులో 19వ శతాబ్దం నుంచి నడుస్తున్న మెక్‌సోర్లీస్ అనే బార్ 1970 దాకా స్త్రీలను లోపలికి రానివ్వలేదు. కోర్టు తీర్పు, నగర చట్టం కలిసి వచ్చాకే తలుపు తీసింది. మనం మాట్లాడుకుంటున్న కాలిఫోర్నియాలో కూడా స్త్రీలు బార్టెండర్లుగా పనిచేయడం మీద నిషేధం ఉండేది. సెయిలర్ ఇన్ కేసులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది 1971లో. అంటే హెన్రీ ఆఫ్రికాస్ తెరిచిన తొలి రోజుల్లో, స్త్రీల కోసం అలంకరించిన ఆ బార్ బల్ల వెనక నిలబడి పనిచేసే హక్కు మామూలు స్త్రీకి లేదు. కూర్చుని తాగవచ్చు, పోయడానికి వీల్లేదు.

మనకూ ఇది దూరపు కథ కాదు. 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టం ఢిల్లీకి కూడా వర్తించేది. మద్యం తాగే చోట్ల స్త్రీలను గానీ, 25 ఏళ్ళు నిండని పురుషులను గానీ పనిలో పెట్టుకోకూడదని అందులోని 30వ సెక్షన్ చెప్పేది. హోటల్ మేనేజ్‌మెంటు చదువుకున్న అమ్మాయిలకు ఆ చదువుకు తగ్గ పని దొరకకుండా అది అడ్డుపడింది. 2007 డిసెంబరులో అనుజ్ గర్గ్ కేసులో మన సుప్రీంకోర్టు ఆ నిషేధం చెల్లదని తేల్చింది. కాపాడుతున్నామన్న పేరుతో స్త్రీల జీవనోపాధిని లాగేయడం కుదరదన్నది ఆ తీర్పు సారం. నేను లా పాఠాలు చెప్పే క్లాసులో ఈ కేసు చెప్పినప్పుడల్లా, ముందు వరసలో అమ్మాయిల ముఖాలు చూస్తాను.

కాబట్టి విశాఖ తీరం గారూ, మీ బావగారి మాటకు నా జవాబు ఇది. ఈ పానీయం తీయగా ఉండటానికి స్త్రీల నాలుక కారణం కాదు. ఇంతకాలం లోపలికి రానివ్వని మనుషులు కొత్తగా వస్తుంటే, వాళ్ళకు ఇదే నచ్చుతుందని బల్ల వెనక ఉన్న మగవాళ్ళు వేసుకున్న అంచనా అందులో ఉంది.

బే ఏరియా బాటసారి

తీర్పుల పుట గారు చెప్పినది ఒప్పుకుంటూనే ఒక్క మాట. అంచనా వ్యాపారం కోసమే వేసి ఉండవచ్చు, అయినా ఆ గది వెలుతురు నిజమైనదే. నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో మా ఆఫీసులో పెద్దావిడ ఒకరు, 1970లలో ఇక్కడ గుమస్తాగా పనిచేసినవారు, ఒకసారి నాతో అన్నారు: కిటికీలోంచి లోపల ఎవరున్నారో వీధి నుంచే కనిపించేది కాబట్టి ధైర్యంగా వెళ్ళేవాళ్ళమని. ఆవిడకు మొక్కలు గుర్తులేవు, డ్రింక్ గుర్తులేదు, కిటికీ గుర్తుంది.

కొలగ్లాసు

ఇద్దరి మాటలూ చదివాక నా వృత్తి వైపు నుంచి ఒకటి చేర్చాలనిపించింది. పంచదార అంచు ఆడవాళ్ళ కోసం కనిపెట్టినది కాదు. 1850లలో న్యూ ఆర్లియన్స్‌లో జోసెఫ్ శాంటీనీ అనే బార్ యజమాని బ్రాందీ, నిమ్మరసం కలిపి, పంచదార అంచు కట్టిన గ్లాసులో, పొడవాటి నిమ్మ తొక్క చుట్టి ఇచ్చేవాడు. దాని పేరు క్రస్టా. 1862లో జెర్రీ థామస్ అచ్చు వేసిన బార్టెండర్ల పుస్తకంలో ఆ పానీయం ఉంది. అప్పటి బార్లలో దాన్ని తాగినవారు దాదాపు అందరూ మగవాళ్ళే. అదే అంచు, అదే నిమ్మ; బ్రాందీ స్థానంలో వోడ్కా వచ్చేసరికి ముద్ర మారిపోయింది.

ఈ పానీయానికి చెడ్డపేరు రావడానికి ఇంకొక కారణం ఉంది, అది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఫెర్న్ బార్ల తరహా దేశమంతా పాకాక శుక్రవారం రాత్రి వందల మందికి నిమ్మకాయలు పిండే ఓపిక ఎవరికీ లేకపోయింది. సిట్రిక్ ఆమ్లం, పంచదార, రంగు కలిపిన పొడిని నీళ్ళలో కలిపి, గొట్టంలోంచి వదలడం మొదలైంది. దాన్నే సోర్ మిక్స్ అంటారు. అదే కాలంలో తీయని పండ్ల మద్యాలు వరుసగా వచ్చాయి. జపాను కంపెనీ సంటోరీ పచ్చటి కర్బూజ మద్యం మిడోరీని 1978లో న్యూయార్కులోని స్టూడియో 54 అనే నైట్‌క్లబ్‌లో అమెరికాకు పరిచయం చేసింది. 1984లో వచ్చిన డీకైపర్ కంపెనీ పీచ్ పండు మద్యం పీచ్‌ట్రీ ష్నాప్స్ అయితే దుమారమే లేపింది. వీటితో పుట్టిన తీపి షాట్లకు లెక్కలేదు. లెమన్ డ్రాప్ కూడా ఆ గుంపులో కలిసిపోయి, రంగునీళ్ళ రుచికి దిగజారింది. 1987లో న్యూయార్కులోని రెయిన్‌బో రూమ్ అనే రెస్టారెంటులో డేల్ డిగ్రాఫ్ అనే బార్టెండర్ సోర్ మిక్స్ పక్కన పెట్టి, తాజా రసమే వాడాలని పట్టుబట్టాక వృత్తిలో మళ్ళీ మార్పు మొదలైంది.

నేను పని నేర్చుకున్న మొదటి బార్‌లో, పేరు అనవసరం, మాకూ పొడి డబ్బాయే ఇచ్చారు. ఏడాది పాటు అదే రుచి అసలు రుచి అనుకున్నాను. ఒకరోజు డబ్బా అయిపోతే వంటగదిలోంచి పప్పుచారుకు తెచ్చిన నిమ్మకాయలు తీసుకుని పిండి చేశాను. రుచి చూసినప్పుడు, అంతవరకు నా చేతుల మీదుగా ఎంతమందికి ఏమి ఇచ్చానో తలచుకుని సిగ్గుపడ్డాను.

గూడూరు వారి మాటకు అనుబంధం ఒకటుంది. వోడ్కా, ట్రిపుల్ సెక్, లైమ్ రసం కలిపితే దాన్ని మా వృత్తిలో కామికాజె అంటారు. కాబట్టి మన నిమ్మకాయతో మీరు చేసేది లెక్క ప్రకారం కామికాజెకు, లెమన్ డ్రాప్‌కు నడుమ నిలుస్తుంది. కామికాజెలో పాకం, పంచదార అంచు ఉండవు. ఆ రెండూ ఉన్నంతకాలం మీ డ్రింక్‌ను లెమన్ డ్రాప్ అని పిలవడానికి నేను ఒప్పుకుంటాను.

తేటనీరు

గుంటూరులో వైద్యుడిని. చర్చ చాలా బాగుంది, నేను కొలత విషయంలోనే రాస్తాను, ఎందుకంటే ఈ పానీయంలో మోసపోయే చోటు అదే. కొలగ్లాసు గారి లెక్క ప్రకారం మూడు షాట్లలో కలిసి వోడ్కా 45 మి.లీ., ట్రిపుల్ సెక్ 15 మి.లీ. ఉన్నాయి. మన దేశంలో వోడ్కా ఘాటు సాధారణంగా 42.8 శాతం. ఆ లెక్కన మొత్తం 25 మి.లీ. స్వచ్ఛమైన ఆల్కహాలు, అంటే దాదాపు 20 గ్రాములు. ఒక్కొక్క షాట్‌లో 6 నుంచి 7 గ్రాములు. అదే రెండో పద్ధతిలో, 45 మి.లీ. వట్టి వోడ్కా మింగి నిమ్మ ముక్క కొరికితే, ఒక్క షాట్‌లోనే 15 గ్రాములు దాటుతుంది. పేరు ఒకటే, పరిమాణం రెట్టింపు కంటే ఎక్కువ. ఎవరైనా "నేను మూడు లెమన్ డ్రాపులే తాగాను" అంటే, ఏ పద్ధతిలో చేసినవో తెలియకుండా ఆ మాటకు అర్థం లేదు.

తీపి, పులుపు, చల్లదనం మూడూ ఘాటును కప్పేస్తాయి. చిన్న గ్లాసు ఒక్క గుక్కలో అయిపోతుంది, ఒంటికి తెలిసేసరికి అరగంట పడుతుంది, ఈలోపు ఇంకో రెండు దిగిపోతాయి. ఖాళీ కడుపుతో ఇవ్వవద్దు. గ్లాసుకు గ్లాసుకు నడుమ మంచినీళ్ళు పెట్టండి. బండి తాళాలు ముందే ఒకచోట పెట్టించండి. మన దేశంలో 100 మి.లీ. రక్తంలో ఆల్కహాలు 30 మి.గ్రా. దాటితే బండి నడపడం నేరం, అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఆ హద్దు 80 మి.గ్రా. 21 ఏళ్ళు నిండనివారికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, అమెరికాలోనూ ఇది చట్టబద్ధం కాదు. మధుమేహం ఉన్నవారు పాకం సంగతి కూడా గుర్తుంచుకోవాలి, 15 మి.లీ. పాకంలో 9 గ్రాముల పంచదార ఉంటుంది, అంచు దానికి అదనం.

విశాఖ తీరం

నిన్న రాత్రి మళ్ళీ చేశాను. గ్లాసులు పొడిగా ఉంచి, పంచదార రవ్వలా చేసి, సగం అంచు కట్టి, ఫ్యాను కింద ఆరబెట్టాను. గంట తరువాత కూడా ఒక్క పలుకు జారలేదు. కాయలు చేత్తోనే పిండాను, 15 మి.లీ.తో మొదలుపెట్టి 18 దగ్గర ఆపాను. ట్రిపుల్ సెక్ కూడా తెప్పించాను. తొక్క నలిపిన పంచదారతో చేసిన పాకం వేరే సంగతి. దాని వాసన పొద్దున్న కూడా గిన్నెలో ఉంది. చేదు లేదు. స్టీలు డబ్బా ఊపుతుంటే మా చిన్నమ్మాయి లేచి వచ్చి అడిగింది, తనకు అదే రసం, అదే పాకం నీళ్ళలో కలిపి, అదే అంచు కట్టి ఇచ్చాను.

బావగారికి తీర్పుల పుట గారి జవాబు చదివి వినిపించాను. 1971 దగ్గర ఆపి, మళ్ళీ చదవమన్నారు. తరువాత గ్లాసు తీసుకున్నారు, వట్టి వైపు నుంచి మొదలుపెట్టి పంచదార వైపుకు తిప్పుకున్నారు.

వచ్చే నెల ఎనిమిది మంది వస్తున్నారు. అంతమందికి ఒక్కొక్కసారి ఊపడం నా వల్ల కాదు. ముందుగా కలిపి ఉంచుకోవచ్చా?

కొలగ్లాసు

ఉంచుకోవచ్చు. పన్నెండు షాట్లకు వోడ్కా 180, ట్రిపుల్ సెక్ 60, పాకం 60 మి.లీ. ముందురోజే సీసాలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. ఐసుతో ఊపడం లేదు కాబట్టి ఐసు నుంచి రావలసిన నీరు మనమే చేర్చాలి, 100 మి.లీ. మంచినీళ్ళు అందులోనే పోయండి. మీకు కుదిరిన 18 లెక్కన నిమ్మరసం 72 మి.లీ. పడుతుంది, మధ్యరకం కాయలు అయిదారు తీసుకోండి. పోసే ముందు సీసాను బాగా కుదపండి, పాకం అడుగున చేరుతుంది. అంచులు సాయంత్రమే కట్టి ఆరబెట్టుకోండి. రసం మాత్రం అతిథులు మెట్లెక్కుతున్న చప్పుడు విన్నాకే పిండండి.